5 ఎంబీ ఫైల్ ఏ తలుపు దగ్గర ఆగింది? వెబ్ సర్వీసుల్లో సందేశ పరిమాణ పరిమితుల లెక్క

డెవలపర్ మెషీన్ మీద సర్వీసు చక్కగా నడుస్తుంది. ప్రొడక్షన్‌కు వెళ్లాక ఎవరో కాస్త పెద్ద స్కాన్ కాపీ పంపుతారు. 413 (సందేశం చాలా పెద్దది) అనే ఎర్రర్ కోడ్ వస్తుంది, లేదా 404 (పేజీ దొరకలేదు) వస్తుంది, లేదా ఏ కోడూ రాకుండా కనెక్షన్ తెగిపోతుంది. కాన్ఫిగ్ ఫైల్లో అంకె పెంచుతారు. అదే ఎర్రర్. ఇంకో సున్నా చేరుస్తారు. మళ్లీ అదే. చివరికి విసిగిపోయి 2147483647 అని పెట్టేస్తారు. అది 32 బిట్ల పూర్ణసంఖ్యలో పట్టే గరిష్ఠ విలువ, అంటే దాదాపు 2 జీబీ. అప్పటికీ ఫైల్ లోపలికి పోకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. అంకె పెంచింది ఒక తలుపుకు, సందేశాన్ని ఆపింది మరో తలుపు.

ఈ గందరగోళానికి మూలం ఒక్కటే. సందేశ పరిమాణానికి పరిమితి అంటే ఒకే అంకె అనుకుంటాం. నిజానికి క్లయింట్ నుంచి మన కోడ్ దాకా వరసగా చాలా తలుపులు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో దాన్ని కొలుస్తుంది, ఒక్కో కొలమానంలో కొలుస్తుంది, కాదన్నప్పుడు ఒక్కో రకంగా కాదంటుంది. మైక్రోసాఫ్ట్ డాట్ నెట్‌లో వెబ్ సర్వీసులు రాసే ఫ్రేమ్‌వర్క్ డబ్ల్యూసీఎఫ్‌లో ఈ తలుపులు చాలా ఎక్కువ. అందుకే దాన్నే ప్రధాన ఉదాహరణగా తీసుకుని, మిగతా ఫ్రేమ్‌వర్కులను పోలిక కోసం చూద్దాం. సెట్టింగుల పేర్లు కాన్ఫిగ్‌లో ఖాళీలు లేకుండా ఒకే పదంగా ఉంటాయి. చదవడానికి వీలుగా ఇక్కడ విడదీసి రాస్తున్నాం.

అసలు పరిమితి ఎందుకు

సర్వర్ చాలా సందర్భాల్లో సందేశం మొత్తాన్ని మెమరీలోకి తీసుకున్నాకే పని మొదలుపెడుతుంది. దీన్ని బఫరింగ్ అంటారు. హద్దు లేకపోతే ఎవరైనా ఒక పెద్ద రిక్వెస్ట్‌తో, లేదా ఒకేసారి వంద మధ్యరకం రిక్వెస్టులతో మెమరీ మొత్తం తినేయవచ్చు. అందుకు లాగిన్ కూడా అక్కర్లేదు. ఎందుకంటే సందేశంలోపల ఉన్న యూజర్ వివరాలు చదవాలన్నా ముందు సందేశం లోపలికి రావాలి. అందుకే డిఫాల్టులు బాగా తక్కువగా ఉంటాయి. డబ్ల్యూసీఎఫ్‌లో 'మ్యాక్స్ రిసీవ్డ్ మెసేజ్ సైజ్' డిఫాల్ట్ 65,536 బైట్లు, అంటే 64 కేబీ.

ఆ పేరులో 'రిసీవ్డ్' అన్న మాటను చాలామంది గమనించరు. ఈ పరిమితి పంపేవారిది కాదు, అందుకునేవారిది. రిక్వెస్ట్ పెద్దదైతే సర్వర్ బైండింగ్‌లో, అంటే కనెక్షన్ ఎలా జరగాలో చెప్పే కాన్ఫిగ్ విభాగంలో పెంచాలి. రెస్పాన్స్ పెద్దదైతే క్లయింట్ బైండింగ్‌లో పెంచాలి. వెయ్యి వరుసల రిపోర్టు తెచ్చుకునే క్లయింట్ "65536 కోటా దాటింది" అంటుంటే సర్వర్ కాన్ఫిగ్‌లో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. సర్వర్ దాన్ని ఏ అభ్యంతరమూ లేకుండా పంపేసింది, వద్దన్నది క్లయింటే. డబ్ల్యూసీఎఫ్ టెస్ట్ క్లయింట్ అనే పనిముట్టుకు కూడా సొంత కాన్ఫిగ్ ఉంటుంది. మన అప్లికేషన్‌లో పెంచినంత మాత్రాన అందులో పెరగదు.

సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకునే మరో పద్ధతి జీఆర్పీసీదీ ఇదే సూత్రం. అందుకునే వైపు డిఫాల్ట్ 4 ఎంబీ, కచ్చితంగా 41,94,304 బైట్లు. దాటితే 'రిసోర్స్ ఎగ్జాస్టెడ్' అనే స్టేటస్ వస్తుంది. గో భాష లైబ్రరీ అయితే వచ్చిన పరిమాణాన్నీ, ఉన్న హద్దునూ రెండింటినీ పక్కపక్కన చూపిస్తుంది. ఎర్రర్ సందేశం అంటే అలా ఉండాలి.

దారిలో ఎన్ని తలుపులు, ఏ కొలమానాలు

ముందు రిక్వెస్టులను అందుకుని లోపలికి పంపే ఇంజిన్‌ఎక్స్ ప్రాక్సీ, వెనక మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్, అందులో వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఏఎస్పీ డాట్ నెట్, దాని మీద డబ్ల్యూసీఎఫ్ ఉన్న సర్వీసును ఊహించుకోండి. చాలాచోట్ల కనిపించే అమరికే.

ఇంజిన్‌ఎక్స్‌లో 'క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్' డిఫాల్ట్ 1 ఎంబీ. ఇక్కడ 1ఎం అంటే 1,024ను 1,024తో గుణించినంత. సున్నా పెడితే తనిఖీయే ఉండదు. ఐఐఎస్ రిక్వెస్ట్ ఫిల్టరింగ్‌లో 'మ్యాక్స్ అలౌడ్ కంటెంట్ లెంగ్త్' డిఫాల్ట్ అక్షరాలా 3 కోట్ల బైట్లు. దాన్ని 30 ఎంబీ అని చెప్పుకుంటాం కానీ 1,024 లెక్కలో అది 28.6 ఎంబీయే. 29 ఎంబీ ఫైల్ ఎందుకు పోలేదన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఏఎస్పీ డాట్ నెట్‌లో 'మ్యాక్స్ రిక్వెస్ట్ లెంగ్త్' డిఫాల్ట్ 4,096. కానీ ఇది బైట్లు కాదు, కిలోబైట్లు. ఒకే వెబ్ కాన్ఫిగ్ ఫైల్లో పక్కపక్క విభాగాల్లో ఒకటి బైట్లలో, ఇంకొకటి కిలోబైట్లలో! ఐఐఎస్ అంకెను కిలోబైట్లు అనుకుని 10240 అని రాస్తే 10 ఎంబీ రావాల్సిన చోట 10 కేబీ హద్దు పడుతుంది. అప్పటిదాకా పనిచేసిన చిన్న ఫారాలు కూడా ఆగిపోతాయి.

ఆ తర్వాత డబ్ల్యూసీఎఫ్ సొంత తలుపులు. మొత్తం సందేశానికి 65,536 బైట్లు. దానికి జోడీగా 'మ్యాక్స్ బఫర్ సైజ్'. బఫర్డ్ పద్ధతిలో ఈ రెండూ సమానంగా ఉండాలి. కాన్ఫిగ్‌లో రెండూ రాసి ఉన్నప్పుడు ఒకటే పెంచితే సర్వీసు మొదలయ్యేటప్పుడే ఎర్రర్ ఇస్తుంది. వీటి వెనక 'రీడర్ కోటాస్' అనే గుంపు ఉంది. అవి ఎక్స్‌ఎంఎల్ లోపలి సంగతులను కొలుస్తాయి: ఒక్క స్ట్రింగ్ ఎంత పొడవుండొచ్చు, ఒక్క అర్రే ఎంత ఉండొచ్చు, ట్యాగులు ఎంత లోతుకు పోవచ్చు. పాత వెర్షన్లలో స్ట్రింగ్‌కు 8,192, అర్రేకు 16,384, లోతుకు 32. డాట్ నెట్ 4.5లో వీటిని బాగా సడలించారు. స్ట్రింగ్, అర్రే పరిమితులు ఆ 2147483647కు చేరాయి, లోతు 128 అయింది. 64 కేబీ హద్దును మాత్రం అలాగే ఉంచారు. మెమరీని కాపాడే పని ఆ ఒక్క అంకెకే అప్పజెప్పడం దాని ఉద్దేశం. అందుకే పాత సలహాల్లో కనిపించే పొడవాటి కోటాల పట్టికలు 4.5 తర్వాత చాలా సర్వీసులకు అవసరం లేదు. వాటిని కళ్లు మూసుకుని అతికిస్తే కొన్నిసార్లు హద్దు పెరగకపోగా తగ్గుతుంది.

ఇంకో అంకె ఉంది, 'మ్యాక్స్ ఐటమ్స్ ఇన్ ఆబ్జెక్ట్ గ్రాఫ్'. పాత వెర్షన్లలో దాని డిఫాల్టూ 65,536. కానీ ఇది బైట్లు కాదు, ఆబ్జెక్టుల సంఖ్య. చిన్న చిన్న రికార్డులు వేలల్లో ఉన్న జాబితా, పెంచిన బైట్ల హద్దు దాటకుండానే దీని దగ్గర ఆగవచ్చు. రెండు అంకెలూ ఒకటే కావడంతో ఒకదాన్ని ఇంకొకటి అనుకోవడం సహజం.

5 ఎంబీ ఫైల్‌తో లెక్క

ఒక స్కాన్ పీడీఎఫ్ సరిగ్గా 5 ఎంబీ అనుకుందాం. అంటే 52,42,880 బైట్లు. ఎక్స్‌ఎంఎల్ గానీ జేసన్ గానీ టెక్స్ట్ రూపాలు, బైనరీని నేరుగా మోయలేవు. కాబట్టి బేస్64లోకి మార్చాలి. అందులో ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలవుతాయి. లెక్క వేస్తే 69,90,508 బైట్లు. పైన సోప్ (ఎక్స్‌ఎంఎల్ సందేశ పద్ధతి) కవరు, హెడర్లు ఇంకో కేబీనో రెండో. చేతిలో ఉన్నది 5 ఎంబీ, తీగ మీద వెళ్లేది దాదాపు 6.7 ఎంబీ.

ఇప్పుడు డిఫాల్ట్ అంకెలతోనే దారిలో నడుద్దాం. ఇంజిన్‌ఎక్స్ 1 ఎంబీ దగ్గరే ఆపుతుంది. అక్కడ 8 ఎంబీ చేస్తే ఐఐఎస్ 3 కోట్ల బైట్ల హద్దులో సులువుగా ఇమిడి ముందుకు పోతుంది. ఏఎస్పీ డాట్ నెట్‌లో 4,096 కేబీ అంటే 41,94,304 బైట్లు, అక్కడ మళ్లీ ఆగుతుంది. దాన్ని 8192 చేస్తే డబ్ల్యూసీఎఫ్ 65,536 దగ్గర ఆగుతుంది. అక్కడ 8388608 పెడితే, 4.5 కంటే పాత వెర్షనైతే, 16,384 బైట్ల అర్రే కోటా తగులుతుంది. ఫైల్‌ను బైట్ అర్రేగా కాకుండా బేస్64 స్ట్రింగ్‌గా ప్రకటించి ఉంటే తగిలేది 8,192 స్ట్రింగ్ కోటా. ఒకే ఫైల్ నాలుగు చోట్ల ఆగింది, నాలుగు చోట్లా వేర్వేరు ఎర్రర్. ఒక తలుపు తెరిచాక ఎర్రర్ మారిందంటే అది వైఫల్యం కాదు, సందేశం ఇంకో గది లోపలికి వచ్చిందన్న మాట. ఇది గుర్తించనివారు పెంచిన అంకెను వెనక్కి తీసేసి మొదటికొస్తారు.

అన్ని తలుపులూ తెరిచాక కాలం అడ్డొస్తుంది. డబ్ల్యూసీఎఫ్ క్లయింట్ 'సెండ్ టైమౌట్' డిఫాల్ట్ 1 నిమిషం. సెకనుకు 512 కిలోబిట్ల అప్‌లోడ్ ఉన్న చోటి నుంచి 69,90,508 బైట్లు పంపడానికి 109 సెకన్లు పడుతుంది. అంటే సర్వర్‌లో ఏ లోపం లేకపోయినా ఆ క్లయింట్‌కు ఫైల్ ఎప్పటికీ పోదు. ఆఫీసు ఫైబర్ మీద టెస్ట్ చేసినవారికి ఇది కనిపించనే కనిపించదు.

పెంచినా 65,536 అనే అంటుంటే

డబ్ల్యూసీఎఫ్‌లో అందరినీ ఎక్కువగా సతాయించేది ఇదే. బైండింగ్‌లో అంకె మార్చారు, సర్వీసు రీస్టార్ట్ చేశారు, ఎర్రర్‌లో మాత్రం ఇంకా 65536 అనే కనిపిస్తోంది. దాని అర్థం స్పష్టం: మీరు మార్చిన బైండింగ్‌ను ఎవరూ వాడటం లేదు.

దీనికి రెండు కారణాలు తరచుగా ఎదురవుతాయి. ఒకటి, బైండింగ్‌కు పేరు పెట్టి, ఎండ్‌పాయింట్‌లో (సర్వీసును పిలిచే చిరునామా విభాగంలో) 'బైండింగ్ కాన్ఫిగరేషన్' దగ్గర ఆ పేరు రాయకపోవడం. రెండోది ఇంకా మాయదారిది. సర్వీసు ట్యాగ్‌లో పేరు నేమ్‌స్పేస్‌తో సహా క్లాసు పూర్తి పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. సరిపోకపోతే డాట్ నెట్ 4 నుంచి డబ్ల్యూసీఎఫ్ ఏ ఫిర్యాదూ చేయదు. మన విభాగాన్ని పక్కనపెట్టి, తనంతట తానే డిఫాల్ట్ ఎండ్‌పాయింట్ సృష్టించుకుని నడుస్తుంది. చిన్న సందేశాలన్నీ పనిచేస్తాయి కాబట్టి అనుమానం రాదు. క్లాసు పేరు మార్చి కాన్ఫిగ్ మరచిపోయిన ప్రాజెక్టుల్లో నెలల తర్వాత ఇది బయటపడుతుంది. తేల్చుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. పేరు లేని బైండింగ్ విభాగంలో అంకె పెట్టి చూడండి. పేరు లేని విభాగం డిఫాల్ట్ ఎండ్‌పాయింట్లకూ వర్తిస్తుంది. అప్పుడు పనిచేస్తే పేర్ల పొంతనే కుదరలేదన్నమాట.

413 అన్నది ఎవరు?

413 కోడ్ పాతదే, పేరు మాత్రం మారుతూ వచ్చింది. 1999 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 2616లో 'రిక్వెస్ట్ ఎంటిటీ టూ లార్జ్', 2014లో 'పేలోడ్ టూ లార్జ్', 2022 నాటి ఆర్ఎఫ్‌సీ 9110లో 'కంటెంట్ టూ లార్జ్'. పేరు ఏదైనా కోడ్ ఒకటే. అయితే ఆ కోడ్ మాత్రమే చూస్తే పంపిందెవరో తెలియదు.

రెస్పాన్స్ బాడీ చూడండి. అడుగున ఇంజిన్‌ఎక్స్ అని ఉంటే సందేశం మీ అప్లికేషన్ దాకా రాలేదు. ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో క్లయింట్ ఎన్ని బైట్లు పంపబోయిందో కూడా రాసి ఉంటుంది. ఐఐఎస్ ఫిల్టరింగ్ ఆపితే చాలా వెర్షన్లలో లాగ్‌లో 404.13 కనిపిస్తుంది. బయటికి కనిపించేది 404 కాబట్టి చిరునామా తప్పనుకుని యూఆర్ఎల్ వెతకడంలో పొద్దుపోతుంది. సబ్‌స్టేటస్ 13 చూస్తేనే విషయం పరిమాణమని తెలుస్తుంది. డబ్ల్యూసీఎఫ్ పాత వెర్షన్లు 400 ఇచ్చేవి, కొత్తవి 413 ఇస్తాయి. అసలు కారణం కావాలంటే ట్రేసింగ్ ఆన్ చేసి చూడాలి.

ఐఐఎస్‌లో క్లయింట్ సర్టిఫికెట్ అడిగే సర్వీసులకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. అన్ని హద్దులూ పెంచినా సుమారు 48 కేబీ దాటగానే 413 వస్తుంది. హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ మొదలయ్యాక మధ్యలో సర్టిఫికెట్ అడగాలంటే, అప్పటికే వస్తున్న బాడీని ఐఐఎస్ ముందుగా మెమరీలో దాచుకోవాలి. ఆ దాచుకునే హద్దు 'అప్‌లోడ్ రీడ్ అహెడ్ సైజ్', డిఫాల్ట్ 49,152 బైట్లు. దాన్ని పెంచడం ఒక దారి. కనెక్షన్ మొదట్లోనే సర్టిఫికెట్ అడిగేలా బైండింగ్‌ను అమర్చుకోవడం ఇంకో దారి. రెండోదే మేలు, మెమరీ మీద భారం పడదు.

ఇక ఏ కోడూ రాకుండా కనెక్షన్ తెగిపోవడం. సర్వర్ హెడర్‌లో పొడవు చూసి వెంటనే 413 రాసి తలుపు మూసేస్తుంది. క్లయింట్ మాత్రం ఇంకా బాడీ పంపుతూనే ఉంటుంది. రాయడానికి అవతల ఎవరూ లేకపోవడంతో 'కనెక్షన్ రీసెట్' అంటుంది, వచ్చిన 413ను చదవనే చదవదు. జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లో ఇలాంటప్పుడు ఎంతవరకు వృథా బైట్లను మింగాలో చెప్పే 'మ్యాక్స్ స్వాలో సైజ్' ఉంది, డిఫాల్ట్ 2 ఎంబీ. కాబట్టి నెట్‌వర్క్ బృందానికి ఫోన్ చేసే ముందు ఒకసారి చిన్న ఫైల్‌తో ప్రయత్నించండి. చిన్నది పోయి పెద్దది ప్రతిసారీ తెగుతుంటే అనుమానించాల్సింది పరిమాణాన్నే.

జావా, నోడ్ వైపు

జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో మల్టీపార్ట్ (ఫారంతో పాటు ఫైళ్లు పంపే) అప్‌లోడ్‌కు ఒక్క ఫైల్ 1 ఎంబీ, మొత్తం రిక్వెస్ట్ 10 ఎంబీ డిఫాల్ట్. టామ్‌క్యాట్‌లో 'మ్యాక్స్ పోస్ట్ సైజ్' 2 ఎంబీ చూసి జేసన్‌కు కూడా అదే కాపలా అనుకుంటారు. కాదు. అది ఫారం పారామీటర్లను విడదీసేటప్పుడే పనిచేస్తుంది. మామూలు జేసన్ బాడీకి అక్కడ హద్దు లేదు. హద్దు ఉందనుకుని నిశ్చింతగా ఉండటం, హద్దు తక్కువై ఎర్రర్ రావడం కంటే ప్రమాదం. స్ప్రింగ్‌లోనే మరో భాగం వెబ్‌ఫ్లక్స్ అయితే మెమరీలోకి 256 కేబీ మాత్రమే రానిస్తుంది. జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపే నోడ్‌లో, ఎక్స్‌ప్రెస్ ఫ్రేమ్‌వర్క్ జేసన్ పార్సర్ హద్దు 100 కేబీ.

తెలుగు టెక్స్ట్ బరువు వేరు

హద్దులు బైట్లలో ఉంటాయి, మనం ఆలోచించేది అక్షరాల్లో. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైట్, తెలుగు యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు. గుణింతపు గుర్తు కూడా విడి సంకేతమే. 'తెలుగు' అన్న మాటలో కంటికి కనిపించేవి మూడు అక్షరాలు, సంకేతాలు 6, బైట్లు 18. జేసన్‌లో తెలుగును ఎస్కేప్ చేసి పంపే లైబ్రరీ అయితే ఒక్కో సంకేతానికి 6 బైట్లు, మొత్తం 36. ఫారం రూపంలో పర్సెంట్ ఎన్‌కోడింగ్ అయితే ఒక్కో సంకేతానికి 9, మొత్తం 54. అదే మాట, మూడింతల తేడా. 64 కేబీలో ఇంగ్లిష్ అక్షరాలు 65 వేలకు పైగా పడితే, తెలుగు సంకేతాలు 21,845కు మించి పట్టవు. ఇంగ్లిష్ నమూనాలతో టెస్ట్ చేసిన ఫిర్యాదుల ఫారమో, వార్తల సర్వీసో తెలుగు పొడవాటి వ్యాసం దగ్గర ఆగిందంటే కారణం ఇక్కడే వెతకాలి.

పెంచాలా, దారి మార్చాలా

ఇక్కడ ఆరితేరిన ఇంజనీర్ల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. ఒక వర్గం వాదన: లోపలి సర్వీసుల్లో హద్దులన్నీ 2147483647కు తెరిచేసి, బయటి ప్రాక్సీ ఒక్కచోటే కాపలా పెట్టండి. అంకె ఒక్కచోట ఉంటే గందరగోళం ఉండదు, ఎర్రర్ ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. ఇందులో నిజముంది. కానీ ప్రాక్సీని దాటకుండా లోపలి నెట్‌వర్క్ నుంచి వచ్చే రిక్వెస్టుల సంగతేమిటి? పైగా ప్రాక్సీ చూసేది తీగ మీది బైట్లనే. జిప్ చేసి వచ్చిన బాడీని ఇంజిన్‌ఎక్స్ విప్పి చూడదు. చిన్న మూటగా లోపలికి వచ్చి, విప్పాక వందల రెట్లు ఉబ్బే సందేశాన్ని పట్టుకోగలిగేది విప్పిన తర్వాత కొలిచే తలుపే. ఎక్స్‌ప్రెస్ పార్సర్ అలా విప్పాకే కొలుస్తుంది. రెండో వర్గం ప్రతి పొరలోనూ హద్దు ఉండాలంటుంది. మూల్యం ఏమిటంటే ఒక్క మార్పుకు నాలుగు ఫైళ్లు ముట్టుకోవాలి. ఈ రెండింటి మధ్య మొగ్గు చూపాల్సి వస్తే, బయటి హద్దు లోపలి హద్దు కంటే కొంచెం తక్కువగా ఉండే అమరికే బాగుంటుంది. అప్పుడు మామూలు తిరస్కారాలన్నీ ప్రాక్సీ దగ్గరే జరుగుతాయి, లోపలి తలుపు నిజమైన ప్రమాదానికే మూసుకుంటుంది.

ఏ అంకె పెట్టాలన్నది మెమరీ లెక్కతో తేల్చాలి. పై 5 ఎంబీ ఫైల్‌ను స్ట్రింగ్‌గా తీసుకునే సర్వీసులో, వచ్చిన బఫర్ 69,90,508 బైట్లు. డాట్ నెట్ స్ట్రింగ్ అక్షరానికి 2 బైట్ల చొప్పున 1,39,81,016. డీకోడ్ చేసిన ఫైల్ 52,42,880. ఒక్క రిక్వెస్ట్‌కు కనీసం 2.62 కోట్ల బైట్లు, అంటే ఫైల్ పరిమాణానికి 5 రెట్లు. 80 రిక్వెస్టులు ఒకేసారి వస్తే 2 జీబీ. డబ్ల్యూసీఎఫ్ ఏకకాల కాల్స్ డిఫాల్ట్ ప్రాసెసర్‌కు 16 చొప్పున, అంటే 8 కోర్ల మెషీన్ మీద 128. పరిమాణాన్ని పెంచితే ఆ 128ని తగ్గించడం గురించి కూడా ఆలోచించాలి. ఈ రెండు అంకెల గుణకారమే సర్వర్ మీద అసలు భారం.

ఫైళ్లే పంపాలంటే ఎంటామ్ వాడొచ్చు. అది బైనరీని బేస్64 చేయకుండా విడి భాగంగా జతచేస్తుంది, ఆ మూడో వంతు ఉబ్బు పోతుంది. స్ట్రీమింగ్ అయితే సందేశం మొత్తం మెమరీలోకి రానే రాదు. కానీ ఆపరేషన్ ఒకే స్ట్రీమ్‌ను తీసుకునేలా మార్చాలి. సందేశ స్థాయి సంతకాలు దానితో కుదరవు, ఎందుకంటే సంతకం సరిచూడాలంటే మొత్తం చదవాల్సిందే. స్ట్రీమింగ్‌లోనూ 'మ్యాక్స్ రిసీవ్డ్ మెసేజ్ సైజ్' వర్తిస్తుంది, కాబట్టి 64 కేబీ అలాగే వదిలేస్తే ఏమీ మారదు.

కొన్నిచోట్ల పెంచే అవకాశమే ఉండదు. అమెజాన్ ఏపీఐ గేట్‌వే 10 ఎంబీ దగ్గర, దాని వెనక మన కోడ్‌ను నడిపే లాంబ్డా ఫంక్షన్, జవాబు కోసం ఆగే పిలుపుల్లో 6 ఎంబీ దగ్గర ఆగుతాయి. మన 69,90,508 బైట్ల సందేశం గేట్‌వే దాటి లాంబ్డా దగ్గర ఆగుతుంది. అక్కడ ఫైల్‌ను నేరుగా ఎస్3 స్టోరేజీకి పంపేలా తాత్కాలిక సంతకం ఉన్న లింక్ ఇచ్చి, సర్వీసుకు ఆ ఫైల్ పేరు మాత్రమే పంపిస్తారు. జీఆర్పీసీ వాడే సందేశ రూపం ప్రోటోకాల్ బఫర్స్ పత్రాలు కూడా ఒక్కో సందేశం 1 ఎంబీ దాటుతుంటే వేరే పద్ధతి ఆలోచించమనే చెబుతాయి. సందేశం కొన్ని వందల బైట్లకు తగ్గాక దారిలోని తలుపులన్నీ డిఫాల్ట్ అంకెలతోనే ఉండిపోవచ్చు.